పక్షవాతం తర్వాత చెయ్యి: వ్యాయామం ఒక్కటే చాలా, కరెంటు కలపాలా, మెడలో మిషన్ దాకా వెళ్లాలా?

నాయన కుడి చెయ్యి పడిపోయి 11 నెలలు నిండిన వారంలో మా చిన్నాయన ఫోన్ చేశాడు. "అబ్బయ్యా, మెడలో నరానికి కరెంటు ఇచ్చి పడిపోయిన చేతులు తెప్పిస్తున్నారంట, నేను వీడియో చూశాను, కావాలంటే రోడ్డు పక్క అరెకరం అమ్మేద్దాం, నువ్వు కనుక్కో" అన్నాడు. అన్న మీద ప్రేమతో అన్న మాట అది. కానీ అరెకరం అమ్మేముందు అసలు అదేంటో, దాని వల్ల చెయ్యి ఎంత వస్తుందో, అంతకంటే తక్కువలో అయ్యే పని ఏమన్నా మిగిలి ఉందో తెలుసుకోవాలి కదా.

దాదాపు నెల రోజులు ఇదే పని మీద ఉన్నాను. నెల్లూరు పొగతోటలో నాయనను చూసే న్యూరాలజీ డాక్టర్‌ని అడిగాను, ఇంటికొచ్చే ఫిజియో మేడమ్‌ని ప్రశ్నలతో విసిగించాను, అర్థం కాని చోట మళ్లీ మళ్లీ చదువుకుంటూ పరిశోధన పేపర్లు చూశాను. నేను డాక్టర్ని కాను, కందుకూరు దగ్గర పొగాకు, కంది పండించే ఇంటి కొడుకుని. అయినా ఇది రాస్తున్నాను, ఎందుకంటే మా చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఇలాంటి మనిషి ఒకరు మంచం మీదో అరుగు మీదో కూర్చుని కనిపిస్తారు, ఒకాయన బంతి నొక్కమంటాడు, ఇంకొకరు కరెంటు పెట్టించమంటారు, మరొకరు పావురం రక్తం రుద్దమంటారు, ఇంట్లోవాళ్లు అన్నీ తలా కొంచెం చేసి ఆర్నెల్లకి అలిసిపోయి వదిలేస్తారు.

నాకు అర్థమైన అసలు విషయం ముందే చెప్పేస్తాను. చేతిని తిరిగి తెచ్చేది, ఆ చేత్తో చేయించే పనే. మెదడులో చచ్చిపోయిన భాగం మళ్లీ బతకదు, దాని పక్కనున్న భాగాలూ మిగిలిన దారులూ ఆ పని నేర్చుకోవాలి, నేర్చుకోవాలంటే ఆ పని వందలసార్లు, వేలసార్లు చేయాలి. కరెంటు ఆ నేర్చుకోవడానికి సాయం చేస్తుంది. పని చేయకుండా కరెంటు ఒక్కటే పెడితే నేర్చుకోవడానికి అక్కడ పాఠమే ఉండదు. అందుకే ఏ చికిత్స గురించి విన్నా నేను మొదట అడిగేది ఒకటే: దీని వల్ల మా నాయన చెయ్యి రోజుకి ఎన్నిసార్లు నిజమైన పని చేస్తుంది?

ఈ ప్రశ్న ఎందుకంటే, అమెరికాలో ఫిజియో సెషన్లలో పక్కన కూర్చుని లెక్కపెట్టిన అధ్యయనం ఒకటి 2009లో వచ్చింది. చేత్తో పనికొచ్చే కదలిక ఒక సెషన్‌లో సగటున 32 సార్లు మాత్రమే జరిగింది. అంత డబ్బున్న దేశంలోనే అలా ఉంటే, మన దగ్గర 20 నిమిషాలు కరెంటు పెట్టి, చెయ్యి నాలుగుసార్లు పైకీ కిందకీ లేపి పంపించే చోట ఎంత జరుగుతుందో ఆలోచించండి.

ముందు చేతిని చూడండి, తర్వాత మిషన్‌ని

మీ మనిషి ముంజేతిని బల్ల మీద పెట్టి, మణికట్టు నుంచి ముందు భాగం బల్ల అంచు దాటి కిందికి వేలాడేలా ఉంచండి. ఇప్పుడు చెయ్యిని పైకి లేపమనండి, వేళ్లు తెరవమనండి. పిడికిలి బిగించడం కాదు, తెరవడం ముఖ్యం. పక్షవాతం వచ్చిన చెయ్యి మూసుకోవడం త్వరగా నేర్చుకుంటుంది, తెరుచుకోవడమే రాదు. అందుకే అందరూ చెప్పే 'రబ్బరు బంతి నొక్కు' అనే సలహా నాకు నచ్చదు, ఇప్పటికే బిగుసుకుపోతున్న వేళ్లకి ఇంకా బిగించడం నేర్పితే ఏం లాభం? మీ ఫిజియో ప్రత్యేకంగా చెబితే సరే, లేకపోతే వేళ్లు విప్పి వస్తువుని వదిలే పని మీద ఆ సమయం పెట్టండి.

ఈ చిన్న పరీక్షలో కనిపించేదాన్ని బట్టి దారి మారిపోతుంది. ఏమీ కదలని చెయ్యి ఒక రకం. వేళ్లు ఒక్క పిసరైనా తెరుచుకునే చెయ్యి ఇంకో రకం. తెరుచుకుంటుంది గానీ వణికి, జారవిడిచి, నిదానంగా పనిచేసే చెయ్యి మూడో రకం. మా నాయనది 11 నెలలప్పుడు రెండో రకం, చూపుడు వేలూ మధ్యవేలూ కొంచెం విచ్చుకునేవి, మిగతావి రాలేదు.

అలాగే స్ట్రోక్, అంటే పక్షవాతం తెచ్చిన మెదడు దెబ్బ, ఏ రకమో డిశ్చార్జ్ కాగితంలో చూసి పెట్టుకోండి, రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయిందా, రక్తనాళం చిట్లి రక్తం కారిందా. మెడలో పెట్టే మిషన్ విషయంలో ఇది చాలా ముఖ్యం, కింద చెప్తాను.

ఖర్చు లేని మూడు దారులు

మొదటిది పనిని పనిగా చేయించడం. గాలిలో చెయ్యి ఊపడం కాదు, గ్లాసు అందుకోవడం, మూత తిప్పడం, తలుపు గడియ తీయడం. మా నాయనకి కావాల్సింది ఒక్కటే, తన కుడిచేత్తో కలుపుకుని తన ముద్ద తాను తినడం. ఎడమచేత్తో స్పూన్ పట్టుకుని తినడం ఆయన భరించలేకపోయేవాడు, ఎవరైనా ఇంటికొస్తే ఆకలిగా ఉన్నా తిననని కూర్చునేవాడు. అందుకని మేం ఆ పనినే ముక్కలు చేశాం: చెయ్యి పళ్లెం దాకా చాపడం, వేళ్లు విప్పడం, దగ్గరికి తీసి పట్టడం, నోటి దాకా తేవడం. మొదట చింతపిక్కలు, గుప్పెడు పోసి ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి. తర్వాత రాగి సంగటి ముద్ద, అది విడిపోదు కాబట్టి అన్నం కంటే సులభం. వేళ్లు బాగా అలిసిపోయిన రోజు ఉదయగిరి చెక్క గరిటె ఇచ్చేవాళ్లం, స్టీలు దానికంటే పిడి లావుగా, తేలిగ్గా ఉండి జారదు. అన్నం, అందులోనూ చేపల పులుసుతో కలిపిన అన్నం చివరి మెట్టు.

రెండోది మంచి చేతిని కట్టేసి పడిపోయిన చేత్తోనే పని చేయించడం. ఎడ్వర్డ్ టౌబ్ అనే శాస్త్రవేత్త పనిలోంచి వచ్చిన పద్ధతి ఇది. 2006లో వచ్చిన ఎక్సైట్ అనే పెద్ద పరీక్షలో స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది ఉన్నారు. ఈ పద్ధతి ఇచ్చినవాళ్లు రెండు వారాల పాటు మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం మంచి చేతికి తొడుగు వేసుకోవాలి, పనిరోజుల్లో గంటల తరబడి సాధన చేయాలి. మామూలు వైద్యం తీసుకున్నవాళ్ల కంటే వాళ్ల చేతులు బాగా మెరుగయ్యాయి, ఆ మేలు ఏడాది తర్వాత కూడా నిలిచింది. కానీ అందులో చేరడానికే మణికట్టు, బొటనవేలు, ఇంకో రెండు వేళ్లు కనీసం 10 డిగ్రీలైనా వెనక్కి లేవాలి. అసలేమీ కదలని చేతికి ఇది పెడితే మనిషిని హింసించినట్టే. మూడో రకం చేతికి మాత్రం నా ఓటు ముందు దీనికే, ఏ మిషన్ కన్నా ముందు. రోజంతా కుదరకపోతే రెండు మూడు గంటలు చేసే పద్ధతి కూడా ఉంది. మంచి చేత్తో కర్ర పట్టుకుని నడిచేవాళ్లకి నడిచేటప్పుడు ఆ తొడుగు తీసేయాలి, పడిపోతే తుంటి విరుగుతుంది. ఇంకో మాట, మా ఇంట్లో తొడుగు వేసిన నాలుగో రోజు అమ్మ చూడలేక చాటుగా కలిపి తినిపించింది. నాకు కోపం రాలేదు, కానీ ఇంట్లో అందరికీ ముందే కూర్చోబెట్టి చెప్పుకోకపోతే ఈ పద్ధతి నిలవదు.

మూడోది అద్దం. పడిపోయిన చెయ్యి అద్దం వెనక, మంచి చెయ్యి అద్దం ముందు. మంచి చెయ్యి కదిలిస్తే అద్దంలో రెండో చెయ్యే కదులుతున్నట్టు కనిపిస్తుంది, మెదడు ఆ చూపుకి స్పందిస్తుంది. కోసేసిన చేతి నొప్పి కోసం రామచంద్రన్ అనే మన దేశపు మూలాలున్న మెదడు శాస్త్రవేత్త మొదలుపెట్టిన ఉపాయం స్ట్రోక్‌కి కూడా పనికొచ్చింది. వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచే కొక్రేన్ సంస్థ 2018 సమీక్షలో 62 అధ్యయనాలు కలిపి చూసి, కదలికకి ఇది కొంత మేలు చేస్తుందని తేల్చారు. ఏమీ కదలని చేతికి ఇక్కడే మొదలుపెట్టండి. అద్దాల షాపులో అడుగున్నర అద్దం అంచులు అరగదీయించి తెచ్చుకుంటే చాలు, రోజుకి అరగంట.

చర్మం మీద పెట్టే కరెంటు

మన ఊళ్లలో 'కరెంటు పెట్టించుకోవడం' అంటే చాలా రకాలు కలిసిపోయి ఉన్నాయి, ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, డబ్బు కంటే ఎక్కువగా సమయం పోగొట్టుకుంటారు. నొప్పి తగ్గించడానికి పెట్టే టెన్స్ వేరే, నొప్పికే పెట్టే ఐఎఫ్‌టీ వేరే, కండరాన్ని నిజంగా కదిలించేది వేరే. మనకి కావాల్సింది మూడోది, దాన్ని ఎన్‌ఎంఈఎస్ అంటారు, పని చేస్తుండగా వాడితే ఎఫ్‌ఈఎస్ అంటారు. ఆన్‌లైన్‌లో మసాజర్ అని రెండు వేలకి దొరికే చాలావాటికి చెయ్యి జివ్వుమంటుంది గానీ మణికట్టు లేవదు. కొనేముందు చూడాల్సింది కళ్లకి కనిపించేదే: ప్యాడ్ పెట్టి మిషన్ పెంచితే వేళ్లు విచ్చుకున్నాయా, లేదా?

ప్యాడ్లు ఎక్కడ పెట్టాలో కూడా అంతే ముఖ్యం. వేళ్లు తెరిచే కండరాలు ముంజేతి వెనకవైపు, మోచేతికి దగ్గరగా ఉంటాయి. మేం మొదట వెళ్లిన చోట రెండు నెలల పాటు ముంజేతి లోపలివైపు పెట్టారు. నాయన కరెంటు పెట్టించుకుంటూ పైన ఫ్యాన్ చూస్తూ పడుకునేవాడు, వేళ్లు ఇంకా గట్టిగా ముడుచుకునేవి, బాగా పట్టుకుంటోందని మేం సంతోషపడేవాళ్లం. తలుపు పైన కప్పీ కట్టి మంచి చేత్తో లాగి పడిపోయిన చేతిని పైకి లేపమన్నది కూడా అక్కడే. మూడో నెలకి భుజం నొప్పి మొదలై రాత్రుళ్లు నిద్ర పోయింది. పడిపోయిన చేతికి ఇలా తలపైకి లాగే కప్పీ వాడొద్దని వైద్య మార్గదర్శకాల్లోనే ఉంది, భుజం కీలు వదులై ఉంటుంది కాబట్టి లోపల నలిగిపోతుంది. ఈ ఒక్క విషయం మాకు ముందే ఎవరన్నా చెప్పి ఉంటే రెండు నెలలు మిగిలేవి. మంచం మీద నుంచి లేపేటప్పుడు కూడా ఆ చెయ్యి పట్టి లాగొద్దు, నడుము దగ్గర పట్టుకోండి.

ఇప్పుడు మేం చేసేది వేరు. మిషన్ 5 సెకన్లు ఇచ్చి 10 సెకన్లు ఆగుతుంది. ఇవ్వబోయే ముందే నాయన 'ఊ' అని తనంతట తాను వేళ్లు తెరవడానికి ప్రయత్నిస్తాడు, ఆయన ప్రయత్నం మొదలైనప్పుడే కరెంటు వచ్చి పూర్తి చేస్తుంది, అప్పుడే గ్లాసు ఆయన వేళ్ల మధ్యకి పెడతాం, ఆపగానే పట్టుకుంటాడు. అంటే మనసు, కండరం, వస్తువు మూడూ ఒకే క్షణంలో కలవాలి. మనిషి ఊరికే పడుకుంటే కండరం మాత్రమే కదులుతుంది. కొన్ని మిషన్లు ఆయన ప్రయత్నాన్ని కండరంలోని చిన్న విద్యుత్తుని బట్టి పసిగట్టి అప్పుడే ఇస్తాయి, అవి ఖరీదెక్కువ. మా రెండు ఛానళ్ల మిషన్‌కి ఆ సౌకర్యం లేదు, నోటి లెక్కతో నెట్టుకొస్తున్నాం.

గుండెకి పేస్‌మేకర్ ఉంటే డాక్టర్ ఒప్పుకోనిదే ఈ కరెంటు జోలికి వెళ్లొద్దు. ఫిట్స్ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఆ చోట క్యాన్సర్ ఉన్నవాళ్లు, చర్మం చెదిరి ఉన్నవాళ్లు కూడా ముందు అడగాలి. స్పర్శ తెలియని చేతికి కాలినా తెలియదు, కాబట్టి ప్యాడ్ తీశాక ప్రతిసారీ చర్మం చూడాలి, ఆరిపోయిన ప్యాడ్లు మార్చేయాలి.

వ్యాయామం ఒక్కటే చేయడమా, ఈ కరెంటు కలపడమా అంటే, రెండో రకం చేతికి కలపమనే చెప్తాను, తనంతట తాను సగం కూడా చేయలేని కదలికని వందసార్లు చేయించడానికి ఇదొక మార్గం. మూడో రకం చేతికి దీని అవసరం పెద్దగా లేదు. ఏమీ కదలని చేతికి, స్ట్రోక్ వచ్చిన కొత్తల్లో, భుజం కీలు జారకుండా భుజం కండరాలకి పెట్టడం కూడా ఉంది, దాన్ని మాత్రం ఫిజియోనే చేయాలి.

మెడలో పెట్టే మిషన్, చిన్నాయన చూసింది ఇదే

వేగస్ అనే నాడి మెదడు నుంచి మెడ గుండా గుండె, కడుపు దాకా వెళ్తుంది. ఛాతీ చర్మం కింద చిన్న మిషన్ పెట్టి, దాని తీగని మెడలో ఎడమవైపు వేగస్ నాడికి చుడతారు. మూర్ఛ రోగులకి ఇలాంటివి ఎన్నో ఏళ్లుగా పెడుతున్నారు. స్ట్రోక్‌లో వాడకం వేరు. రోగి చెయ్యి చాపి వస్తువు అందుకునే క్షణంలో ఫిజియో బటన్ నొక్కుతుంది, అర సెకను కరెంటు వెళ్తుంది. అది చేతికి వెళ్లదు, మెదడుకి వెళ్తుంది. అక్కడ కొన్ని రసాయనాలు విడుదలై, ఇప్పుడు చేసిన ఈ కదలిక ముఖ్యం, గుర్తుపెట్టుకో అన్నట్టు మెదడుని సిద్ధం చేస్తాయి. ముంజేతి మీద పెట్టే కరెంటుకీ దీనికీ తేడా ఇదే, అది కండరాన్ని లేపుతుంది, ఇది మెదడు నేర్చుకునే శక్తిని లేపుతుంది.

దీని మీద వచ్చిన ముఖ్యమైన పరీక్ష 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. అమెరికా, బ్రిటన్‌లలో 19 చోట్ల 108 మంది. అందరికీ ఆపరేషన్ చేసి మిషన్ పెట్టారు, కానీ 53 మందికే అసలు కరెంటు, మిగతా 55 మందికి ఉత్తుత్తిది. ఎవరికి ఏది వస్తుందో రోగులకీ, చూసే ఫిజియోలకీ తెలియదు. 6 వారాల్లో 18 సెషన్లు, ఒక్కో సెషన్‌లో వందల సార్లు చేత్తో పని, ఆ తర్వాత ఇంట్లో రోజూ సాధన, ఇంట్లో చేసేటప్పుడు ఛాతీ మీద అయస్కాంతం ఆడిస్తే మిషన్ మొదలవుతుంది. చెయ్యి ఎంత వచ్చిందో 66 మార్కుల ఫూగల్-మేయర్ పరీక్షతో కొలిచారు.

6 వారాల సెషన్లు అయ్యాక కరెంటు వచ్చినవాళ్లకి సగటున 5 మార్కులు పెరిగాయి, వ్యాయామం ఒక్కటే చేసినవాళ్లకి 2.4. ఆ తర్వాత 90 రోజులకి చూస్తే, 6 మార్కులో అంతకు మించో పెరిగినవాళ్లు కరెంటు గుంపులో 47 శాతం, వ్యాయామం గుంపులో 24 శాతం. ఈ లెక్కని నేను కాగితం మీద రాసుకుని చాలాసేపు చూశాను. కరెంటుతో దాదాపు రెట్టింపు మందికి మేలు జరిగింది, అది నిజం, చిన్న విషయం కాదు. కానీ మిషన్ పెట్టించుకున్న వందమందిలో 53 మందికి అంత మేలు కనిపించలేదన్నది కూడా నిజమే. ఇంకో సంగతి నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించింది: ఆ 108 మందీ స్ట్రోక్ వచ్చి కనీసం 9 నెలలైనవాళ్లు, కొందరికి పదేళ్లకి దగ్గర, సగటున 3 ఏళ్లు. అలాంటివాళ్లలో ఏ కరెంటూ లేకుండా, సరైన లెక్కలో వ్యాయామం చేస్తేనే నలుగురిలో ఒకరికి చెయ్యి బాగా మెరుగైంది. 'ఆర్నెల్లు దాటితే ఇక రాదు' అని మాకు ఇద్దరు ముగ్గురు చెప్పి ఉన్నారు. మొదటి మూడు నెలల్లో వచ్చినంత వేగంగా రాదు, అంతవరకే ఆ మాట నిజం.

2021 ఆగస్టులో, మందులకీ వైద్య మిషన్లకీ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఈ మిషన్‌కి, వివిస్టిమ్ అనే పేరుతో, అనుమతి ఇచ్చింది. ఎవరికంటే, గడ్డకట్టడం వల్ల స్ట్రోక్ వచ్చి చెయ్యి మధ్యస్థంగానో తీవ్రంగానో దెబ్బతిన్న పాత రోగులకి, వ్యాయామంతో కలిపి. రక్తనాళం చిట్లినవాళ్లు ఆ పరీక్షలో లేరు, అసలేమీ కదలని చేతులూ లేవు, 66కి 20 నుంచి 50 మధ్య ఉన్నవే తీసుకున్నారు. ఆపరేషన్ అంటే మత్తు, మెడ మీద కోత, గొంతు బొంగురుపోవడం, దగ్గు లాంటివి ఉంటాయి, ఆ పరీక్షలో ఒకరికి స్వరతంతువు పడిపోయి కొన్ని వారాలకి బాగైంది. ఇంకొకటి మన దగ్గర మరీ గుర్తుంచుకోవాల్సింది: ఈ మిషన్ ఒంట్లో ఉన్నవాళ్లకి డయాథెర్మీ, అంటే ఒంటి లోపల వేడి పుట్టించే మిషన్, పెట్టకూడదు, తీగ వేడెక్కి నాడి దెబ్బతింటుంది. మన ఫిజియో సెంటర్లలో భుజం నొప్పి అనగానే డయాథెర్మీ ముందుకి లాగుతారు కాబట్టి చెప్తున్నా. ఎంఆర్‌ఐకి కూడా షరతులుంటాయి.

మా నాయనకి ఫిజియో మేడమ్ వేసిన మార్కులు 31. గడ్డ రకమే. కాగితం మీద ఆయన సరిపోతాడు. అయినా వద్దనుకున్నాం. గుండె దడ వల్ల రక్తం పలచబడే మందు వాడుతున్నాడు, ఆపరేషన్ కోసం దాన్ని ఆపాలంటే మాకు టెన్షన్. తర్వాత, ఇది కందుకూరులోనో ఒంగోలులోనో అయ్యే పని కాదు, ఆపరేషన్ చేసినచోటే వారానికి మూడు రోజుల చొప్పున 6 వారాలు ఉండాలి, ఆ వ్యాయామం లేకపోతే మిషన్ ఉండీ లాభం లేదు. అన్నిటికంటే పెద్ద కారణం, ఆ 24 శాతం మంది చేసిన వ్యాయామాన్ని మా నాయన ఒక్క వారం కూడా పూర్తిగా చేయలేదు. ముందు అది చేయాలి. అది నాలుగైదు నెలలు లెక్క తప్పకుండా చేసి, చెయ్యి అక్కడే ఆగిపోయి, మనిషి ఆపరేషన్‌కి తగిన ఆరోగ్యంతో ఉండి, అప్పు చేయకుండా లక్షలు పెట్టగలిగినవాళ్లు పెద్ద న్యూరాలజీ ఆసుపత్రిలో అడిగి చూడొచ్చు, వాళ్లని నేను ఆపను.

చెవికి క్లిప్పు పెట్టి ఇదే నాడికి కరెంటు ఇస్తామని అమ్మేవి కూడా ఉన్నాయి. చెవి రంధ్రం పక్కనున్న గుంటలో ఆ నాడి కొమ్మ ఒకటి ఉన్న మాట నిజం, చిన్న చిన్న పరీక్షల్లో ఆశ కనిపిస్తోంది, ఆపరేషన్ లేదు. కానీ మెడలో పెట్టేదానికి ఉన్నంత సాక్ష్యం దీనికి లేదు, క్లిప్పు పెట్టుకుని టీవీ చూడడానికైతే అసలు లేదు. నేను కొనలేదు.

మిగతావి త్వరగా

రోబో: బ్రిటన్‌లో 770 మందితో చేసిన పరీక్ష 2019లో వచ్చింది, రోబోతో చేయించిన సాధన మామూలు వైద్యం కంటే చేతి పనితనాన్ని పెంచలేదు. కాబట్టి రోబో ఉందన్న ఒక్క కారణంతో చెన్నైలో గది అద్దెకి తీసుకోనక్కర్లేదు. ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ కలిసి ప్లూటో అనే చిన్న చేతి రోబోని తయారుచేశారు, వెల్లూరు వెళ్లే పని ఉంటే అక్కడి పునరావాస విభాగంలో చూపించుకోండి, మిషన్ కోసం కాకపోయినా వాళ్లు వేసే అంచనా కోసం.

బిగుతు మరీ ఎక్కువై గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటుంటే బొటాక్స్ ఇంజెక్షన్ గురించి అడగండి, కొన్ని నెలలు కండరం వదులవుతుంది, ఆ నెలల్లోనే సాధన చేయించాలి.

పావురం రక్తం, నాటు మందులు: వీటికోసం పరిగెత్తే రోజుల్లో బీపీ, షుగర్ మాత్రలూ రక్తం పలచబడే మందూ ఆగిపోతాయి, రెండో స్ట్రోక్ అలాగే వస్తుంది. మూతి వంకరైనా, మాట తడబడినా, చెయ్యి జారినా వెంటనే 108, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి ఉన్న సమయం నాలుగున్నర గంటలే.

ఇంట్లోవాళ్లే అంతా చేసుకోవచ్చా అని అడిగేవాళ్లకి: మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో ఇంటివాళ్లకి నేర్పించి చూశారు, 2017లో ఫలితం వచ్చింది, ఆరు నెలలకి చనిపోయినవాళ్లూ ఇంకొకరి మీద ఆధారపడినవాళ్లూ తగ్గలేదు. దీన్నిబట్టి ఇంటి సాధన వద్దని నేననను, మా ఇల్లే దానిమీద నడుస్తోంది. కానీ ఒకసారి నేర్పి పంపిస్తే చాలదు, రెండు వారాలకోసారైనా ఫిజియో చూసి పని మార్చాలి. మేం రోజూ పిలవడం మానేసి వారానికి ఒక్కసారి పిలుస్తున్నాం, ఆ గంటంతా కొత్త పని నేర్పడానికే, చేయించడం మా పని. డబ్బు కుదరనివాళ్లు నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగానికి వెళ్లి, ఇంట్లో చేయించడానికి పని రాసివ్వమని అడగండి.

ఎంతలో ఎంత

మాది ఇలా తేలింది: అద్దం 250 రూపాయలు, మిషన్ 6,500, ప్యాడ్లు రెండు నెలలకోసారి, ఫిజియో వారానికి 400. రోజుకి రెండు పూటలు, పొద్దున చల్లగా ఉన్నప్పుడు అరగంట కరెంటుతో కలిపి, సాయంత్రం అరుగు మీద 40 నిమిషాలు కరెంటు లేకుండా. లక్ష్యం రోజుకి 300 సార్లు. ఎండాకాలం మధ్యాహ్నాలు చేయించాలని చూశాం, చెమటకి ప్యాడ్లు ఊడిపోయేవి, మానేశాం. 300 రాని రోజులు చాలా ఉన్నాయి, పొగాకు కోతలప్పుడు 100 కూడా రాలేదు.

నాలుగు నెలల తర్వాత నిమిషంలో 3 చింతపిక్కల నుంచి 11కి వచ్చాడు, మార్కులు 31 నుంచి 36. సంగటి తనే తింటాడు, అన్నం సగం పళ్లెం దాకా తిని తర్వాత గరిటె అడుగుతాడు. చొక్కా గుండీ ఇంకా రాలేదు.

డబ్బు కట్టమన్న ఏ సెంటర్లోనైనా ముందు అడగండి: ఇవాళ చేతికి ఎన్ని మార్కులు, ఆరు వారాల తర్వాత మళ్లీ కొలుస్తారా, సెషన్‌లో ఎన్నిసార్లు పని చేయిస్తారు, కరెంటు పెట్టినప్పుడు మనిషి ఏం చేస్తుంటాడు. చివరి ప్రశ్నకి 'పడుకుంటాడు' అని జవాబొస్తే లేచి వచ్చేయండి. ఇంట్లో నెలకోసారి అదే బల్ల మీద అదే పని ఫోన్‌లో వీడియో తీసి తేదీతో దాచండి, రోజూ చూసే మన కళ్లకి మార్పు తెలియదు. రెండు నెలల వీడియోల్లో ఏ తేడా లేకపోతే ముందు లెక్క చూడండి, రోజుకి ఎన్నిసార్లు అయింది అని. లెక్క సరిగ్గా ఉండి కూడా చెయ్యి కదలకపోతే అప్పుడు పద్ధతి మార్చండి.